ఎవరికీ అక్కర్లేని యుద్ధం రాదా?

మా అన్నయ్య జీవితమంతా వాణిజ్య నౌకల మీద తిరిగాడు. కెప్టెన్‌గా రిటైరై విశాఖపట్నంలో ఉంటున్నాడు. మా అమ్మాయి డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. మేనమామా మేనకోడలూ ఒకచోట కూర్చుంటే వాదన లేకుండా లేవరు. ఈసారి తైవాన్ మీద పడ్డారు. ఆ ద్వీపం కోసం అమెరికా, చైనా యుద్ధానికి దిగుతాయా? దిగవని అన్నయ్య నమ్మకం. దిగుతాయని మా అమ్మాయి కూడా అనదు. కానీ దిగాలని అనుకోకుండానే దిగిపోతాయేమోనని దాని భయం. రోజూ పేపరు చదివే మనిషిగా నాకూ ఆ భయం ఉంది కాబట్టి, విన్నదాంట్లో అవసరం అనిపించిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మామయ్య: 2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగింది, గుర్తుందా? అప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. బీచి రోడ్డంతా ఇసకేస్తే రాలనంత జనం. దాదాపు యాభై దేశాల నేవీలు వచ్చాయి. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ సమీక్షించిన ఆ వరసల్లో అమెరికా యుద్ధనౌకలూ ఉన్నాయి, చైనా యుద్ధనౌకలూ ఉన్నాయి. ఒకే నీళ్ళలో లంగరేసుకున్నారు, మర్యాదలు ఇచ్చిపుచ్చుకున్నారు. టీవీలో అరుపులు వేరు, సముద్రం మీద వ్యవహారం వేరు తల్లీ. ఎదుటివాడి దగ్గర ఏముందో నేవీ వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. అందుకే తొందరపడరు.

మేనకోడలు: 1914 జూన్ నెలాఖర్లో జర్మనీలోని కీల్ రేవులో పడవ పందేలు జరిగాయి మామయ్యా. ఇంగ్లండు యుద్ధనౌకలు అతిథులుగా వెళ్ళి జర్మన్ యుద్ధనౌకల పక్కనే లంగరేసుకున్నాయి. విందులు, నాట్యాలు, ఫొటోలు. ఆస్ట్రియా యువరాజుని సారయేవోలో కాల్చి చంపారన్న వార్త జూన్ 28న జర్మన్ చక్రవర్తికి అందింది అక్కడే. ఆగస్టు 4 రాత్రికి ఆ రెండు నేవీలూ శత్రువులు. మధ్యలో ఉన్నది ఐదు వారాలు.

మామయ్య: అప్పటి చక్రవర్తుల సంగతి ఇప్పుడెందుకు? వ్యాపారం చూడు. తైవాన్ జలసంధి ఇరుకైన చోట 130 కిలోమీటర్లు. రాత్రిపూట బ్రిడ్జి మీద నిలబడితే రాడార్ తెర నిండా చుక్కలే. చేపల పడవలు, కంటైనర్ ఓడలు, బొగ్గు ఓడలు, చమురు ఓడలు. షాంఘైకి పోయేవి పోతుంటాయి, తైవాన్ రేవు కావోసియుంగ్ నుంచి వచ్చేవి వస్తుంటాయి. అన్నిటికంటే అధునాతనమైన చిప్పుల్లో నూటికి తొంభై దాకా తైవాన్‌లో టీఎస్ఎంసీ అనే కంపెనీ తయారుచేస్తుంది. అవి అమెరికాకీ కావాలి, చైనాకీ కావాలి. యుద్ధం మొదలైన రోజున బీమా కంపెనీలు చేతులెత్తేస్తాయి. బీమా లేని ఓడ రేవు దాటదు. చైనాకి చమురు ఎక్కువగా వచ్చేది సముద్రం మీదే. కూర్చున్న కొమ్మని ఎవడు నరుక్కుంటాడు?

మేనకోడలు: నార్మన్ ఏంజెల్ అనే ఆంగ్లేయుడు సరిగ్గా ఇదే రాశాడు. ‘ది గ్రేట్ ఇల్యూషన్’ అని 1910లో వచ్చిన పుస్తకం. దేశాల బ్యాంకులూ వ్యాపారాలూ ఇంతగా కలిసిపోయాక యుద్ధంలో గెలిచినవాడికి కూడా మిగిలేది నష్టమేనన్నాడు. ఆయన యుద్ధం రాదనలేదు. చదివినవాళ్ళు అలా అర్థం చేసుకుని నిశ్చింతగా పడుకున్నారు. బీమా అన్నావు కదా, జర్మనీ వాణిజ్య నౌకల్లో చాలావాటికి బీమా ఇచ్చింది లండన్‌లోని లాయిడ్స్ వాళ్ళే. ఇంగ్లండు నేవీ ముంచిన ఓడకి ఇంగ్లండు వాళ్ళే డబ్బు కట్టాలన్నమాట. అయినా ఆగలేదు.

ఇంకోటి చెప్పనా? 1941లో జపాన్‌కి చమురులో నూటికి ఎనభై వంతులు అమెరికా నుంచే వెళ్ళేది. ఆ ఆగస్టులో అమెరికా చమురు ఆపేసింది. నిల్వలు అయిపోయేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలని జపాన్ సైన్యం లెక్కలు వేసింది. డిసెంబరులో పెర్ల్ హార్బర్. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నంతకాలం స్నేహమే, కాదనను. ఆపుతానని బెదిరించడం మొదలయ్యాక అదే వ్యాపారం గొంతు మీద చెయ్యి అవుతుంది. 2022 అక్టోబరులో అమెరికా చైనాకి అధునాతన చిప్పులు అమ్మకుండా ఆంక్షలు పెట్టింది. 2025లో చైనా రేర్ ఎర్త్ ఖనిజాల ఎగుమతికి లైసెన్సులు పెట్టి బిగించింది. నువ్వు చెప్పే వ్యాపారం ఇప్పుడు ఆ దశలో ఉంది.

మామయ్య: సరే, వ్యాపారం పక్కన పెడదాం. బాంబు మాటేమిటి? 1914లో అణుబాంబు లేదు. 1941లో లేదు. అది వచ్చాక పెద్ద దేశాలు నేరుగా కొట్టుకోవడం మానేశాయి. ఎనభై ఏళ్ళు దాటింది. భయం అనేది మంచి కాపలాదారు.

మేనకోడలు: 1969లో ఉసురి నది మీద రష్యా, చైనా సైనికులు కాల్చుకుని చచ్చారు. రెండిటి దగ్గరా బాంబులున్నాయి. 1999లో కార్గిల్‌లో మనమూ పాకిస్తానూ. రెండిటి దగ్గరా బాంబులున్నాయి.

మామయ్య: అవి పెద్ద యుద్ధాలు అయ్యాయా? కాలేదు కదా! నేననేదీ అదే.

మేనకోడలు: ఎందుకు కాలేదో చూడాలి మామయ్యా. నువ్వు ఓడల మనిషివి, నీకు అర్థమయ్యేదే చెప్తాను. 1962 అక్టోబరు 27. క్యూబాలో సోవియట్ క్షిపణులున్నాయని తెలిసి అమెరికా నేవీ ఆ దీవిని చుట్టుముట్టింది. అట్లాంటిక్‌లో సోవియట్ జలాంతర్గాములు నాలుగు తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి బీ-59. డీజిల్‌తో నడిచేది, బ్యాటరీ ఛార్జి చేసుకోవాలంటే పైకి రావాలి. పైన అమెరికా డిస్ట్రాయర్లు. రోజుల తరబడి కిందే ఉన్నారు. లోపల కొన్నిచోట్ల వేడి 45 డిగ్రీలు దాటింది. గాలి చెడిపోయి మనుషులు సొమ్మసిల్లి పడిపోతున్నారు. మాస్కోతో సంబంధం తెగిపోయింది. పైకి రమ్మని సూచనగా అమెరికా వాళ్ళు చిన్న పేలుడు గుళ్ళు వదిలారు. ఇలా వదులుతామని మాస్కోకి ముందే చెప్పారు కూడా. ఆ కబురు జలాంతర్గామికి చేరలేదు. లోపలున్న వాళ్ళకి అది దాడిలాగే వినిపించింది. ఆ ఓడలో అణు టార్పెడో ఒకటి ఉందని అమెరికాకి తెలీదు.

మామయ్య: కెప్టెన్ సవిత్స్కీ కదా. విన్నాను.

మేనకోడలు: వలెంటిన్ సవిత్స్కీ. పైన యుద్ధం మొదలైపోయిందేమో, మనమిక్కడ చస్తున్నామేమో అని అణు టార్పెడో సిద్ధం చెయ్యమన్నాడట. ఆ ఓడలో ఉన్న మరో అధికారి తర్వాత చెప్పిన సంగతి ఇది. వసీలీ అర్హీపోవ్ అని ఆ జలాంతర్గాముల దళం ముఖ్య అధికారి అనుకోకుండా అదే ఓడలో ఉన్నాడు. ఆయన వద్దన్నాడు. కెప్టెన్‌ని శాంతింపజేసి ఓడని పైకి తెప్పించాడు. ఆయన మిగతా మూడింట్లో ఏదో ఒకదాంట్లో ఎక్కి ఉంటే? అదే రోజు క్యూబా మీద అమెరికా యూ-2 విమానాన్ని కూల్చారు, పైలట్ చనిపోయాడు. అదే రోజు ఇంకో యూ-2 దారి తప్పి సోవియట్ భూభాగం మీదికి వెళ్ళింది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి యుద్ధం వద్దు, సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్‌కి వద్దు. వాళ్ళిద్దరూ వద్దనుకుంటున్న ఆ రోజున నిర్ణయం వాళ్ళ చేతుల్లో లేదు. నీళ్ళ కింద ఊపిరాడని ఒక కెప్టెన్ చేతిలో ఉంది.

ఆ నెల నాకు ఇంకో రకంగా తెలుసు. అక్టోబరు 20న చైనా మన మీదికి వచ్చింది. మా అమ్మ జాతీయ రక్షణ నిధికి తన చేతి గాజు తీసి ఇచ్చిందని చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాం. మనకి మన సరిహద్దే లోకంగా ఉన్న ఆ వారంలో, మొత్తం ప్రపంచం అట్లాంటిక్‌లో ఇంకోచోట తప్పించుకుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలీలేదు. ఈ మాట నేను వాళ్ళ మధ్యలో అంటే ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నయ్యే అందుకున్నాడు.

మామయ్య: నువ్వు చెప్పింది సగమే తల్లీ. ఆ తర్వాత వాళ్ళేం చేశారో కూడా చెప్పు. 1963లో మాస్కోకీ వాషింగ్టన్‌కీ నేరుగా హాట్‌లైన్ వేసుకున్నారు. సినిమాల్లో చూపించే ఎర్ర ఫోను కాదది, టెలిప్రింటర్. ఎందుకు వేసుకున్నారు? ఆ సంక్షోభంలో క్రుశ్చేవ్ పంపిన ఒక ఉత్తరం అందుకుని, విప్పి, అనువాదం చేసుకునేసరికి అమెరికాకి పన్నెండు గంటలు పట్టింది కాబట్టి. 1972 మేలో మాస్కోలో ఇంకో ఒప్పందం చేసుకున్నారు, సముద్రం మీద సంఘటనల గురించి. అమెరికా నేవీ కార్యదర్శి జాన్ వార్నర్, సోవియట్ అడ్మిరల్ గోర్ష్‌కోవ్ సంతకాలు. దాని గురించి బయట ఎవరికీ తెలీదు గానీ నా దృష్టిలో ఆ శతాబ్దపు మంచి కాగితాల్లో అదొకటి. ఎదుటి ఓడ మీదికి తుపాకులు గురిపెట్టి ఆడుకోకూడదు. బ్రిడ్జి మీదికి సెర్చిలైటు కొట్టకూడదు. ఏం చెయ్యబోతున్నావో జెండాలతో ముందే చెప్పాలి. ఏడాదికోసారి రెండు నేవీల వాళ్ళూ కూర్చుని, ఆ ఏడాది ఎవరు ఎవరికి అడ్డం వచ్చారో లెక్క చూసుకోవాలి. అంతకుముందు ఆ ఓడలు నిజంగానే రాసుకునేవి, గుద్దుకునేవి. పెద్ద దేశాలు బుద్ధి తెచ్చుకుంటాయి. దెబ్బ తగిలాక నేర్చుకుంటాయి.

మేనకోడలు: నేను అడిగేదీ అదే. అమెరికా, చైనా మధ్య అలాంటిది ఎంత గట్టిగా ఉంది?

మామయ్య: ఉంది. 1998లో సైనిక సముద్ర సంప్రదింపుల ఒప్పందం చేసుకున్నారు. 2014లో చింగ్‌డావ్‌లో పసిఫిక్ నేవీలన్నీ కలిసి, అనుకోకుండా ఎదురుపడితే ఎలా నడుచుకోవాలో రాసుకున్నాయి.

మేనకోడలు: రాసుకున్నారు. 2001 ఏప్రిల్ 1న హైనాన్ దగ్గర అమెరికా గూఢచారి విమానం, చైనా యుద్ధవిమానం గుద్దుకున్నాయి. చైనా పైలట్ చనిపోయాడు. అమెరికా విమానం హైనాన్‌లోనే దిగింది, 24 మందిని 11 రోజులు ఉంచేసుకున్నారు. 2022 ఆగస్టులో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ రాజధాని తైపే వెళ్ళొచ్చింది. వెంటనే చైనా సైనిక సంభాషణలు రద్దు చేసింది. నువ్వు చెప్పిన ఆ 1998 ఒప్పందం కింద జరిగే సమావేశాలు కూడా ఆ రద్దులో పోయాయి. 2023 ఫిబ్రవరి 4న అమెరికా తన తీరం దగ్గర చైనా బెలూన్‌ని కూల్చింది. అదే రోజు అమెరికా రక్షణమంత్రి ఫోన్లో మాట్లాడతానంటే చైనా వైపు నుంచి కుదరదన్నారు. సోవియట్ వాళ్ళు అఫ్ఘానిస్తాన్ మీదికి వెళ్ళాక కూడా అమెరికాతో ఆ నేవీ సమావేశాలు సాగాయి. వీళ్ళు కోపం వచ్చినప్పుడల్లా మొదట తెంపేది ఆ తీగనే. ఆ ఏడాది జూన్ 3న తైవాన్ జలసంధిలో ఏం జరిగిందో నాకంటే నువ్వే బాగా చెప్పగలవు.

మామయ్య: చుంగ్-హూన్ సంగతేనా?

(అన్నయ్య గొంతు ఇక్కడ మారింది. వాదన కోసం మాట్లాడే మనిషి కాస్తా పనిలో ఉన్న మనిషి అయిపోయాడు.)

మామయ్య: ఆ వీడియో చాలాసార్లు చూశాను. అమెరికా డిస్ట్రాయర్ చుంగ్-హూన్ వెళ్తోంది, వెనకాల కెనడా ఫ్రిగేట్ ఉంది. చైనా డిస్ట్రాయర్ ఎడమవైపు నుంచి దాటుకుని ముందుకొచ్చి, అమెరికా ఓడ ముక్కుకి అడ్డంగా దాటింది. 150 గజాల దూరం. అంటే దాదాపు 137 మీటర్లు. చుంగ్-హూన్ పొడవే 155 మీటర్లు. తన ఓడ పొడవంత చోటు కూడా లేదు చూడు. మా రూల్సు ప్రకారం దాటేవాడిదే బాధ్యత, దాటబడేవాడికి దూరంగా పోవాలి. ఎదుటివాడి ఉద్దేశం అర్థం కాకపోతే ఐదు పొట్టి కూతలు వెయ్యాలి. వీహెచ్ఎఫ్ పదహారో ఛానల్లో పిలవాలి. అదంతా సమయం ఉన్నప్పుడు. 137 మీటర్ల దగ్గర కూతలకి కూడా సమయం ఉండదు. నేను నడిపిన ఓడలైతే ఇంజను వెనక్కి తిప్పినా ఆగడానికి మైలు దాటేది. యుద్ధనౌక త్వరగా ఆగుతుంది కాబట్టి సరిపోయింది. వాళ్ళు పది నాట్లకి తగ్గించారు. ఆ బ్రిడ్జి మీద చుక్కాని పట్టుకున్న కుర్రాడికి ఇరవై, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో.

మేనకోడలు: సరిగ్గా ఆ రోజుల్లోనే సింగపూర్‌లో రెండు దేశాల రక్షణమంత్రులూ ఒకే సమావేశంలో ఉన్నారు. విందులో చెయ్యి కలిపారు. కూర్చుని మాట్లాడదామంటే చైనా మంత్రి ఒప్పుకోలేదు.

మామయ్య: ఎందుకు ఒప్పుకోలేదో కూడా చెప్పాలి. ఆ మంత్రి మీద అమెరికా 2018లోనే ఆంక్షలు పెట్టి ఉంది. పైగా చైనా వాదన ఒకటుంది, తోసెయ్యడానికి లేదు. సముద్రం మీద ఎలా మెలగాలో రూల్సు రాస్తే, ఆ ధైర్యంతో అమెరికా వాడు మా గుమ్మం దాకా వస్తాడు, భయం ఉంటేనే దూరంగా ఉంటాడు అంటారు వాళ్ళు. ఆ ఓడలు తిరుగుతున్నది కాలిఫోర్నియా పక్కన కాదు కదా, చైనా పక్కన. చైనావాడి వైపు నుంచి ఒకసారి చూడు.

మేనకోడలు: చూశాను. అందుకే నాకు భయం ఎక్కువైంది. ప్రమాదమే కాపలా అనుకునే వాడొకడు, మన దగ్గర బలం ఉంది కాబట్టి ఏం కాదు అనుకునే వాడొకడు. ఇద్దరూ ధైర్యంగానే ఉన్నారు. 2025 ఆగస్టులో స్కార్‌బరో పగడపు దిబ్బ దగ్గర ఫిలిప్పీన్స్ కోస్టుగార్డు ఓడని తరుముతూ చైనా వాళ్ళ కోస్టుగార్డు ఓడా, వాళ్ళ నేవీ డిస్ట్రాయరూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. దెబ్బ ఫిలిప్పీన్స్ ఓడకి తగిలి, పదిమంది పోయి ఉంటే? అమెరికాకి ఫిలిప్పీన్స్‌తో 1951 నుంచీ రక్షణ ఒప్పందం ఉంది.

మామయ్య: అయితే ఏం చెయ్యమంటావు? మాట్లాడుకుంటే చాలా? 1994లో బుడాపెస్ట్‌లో కాగితం రాసుకుని యుక్రెయిన్ తన గడ్డ మీదున్న అణ్వాయుధాలు ఇచ్చేసింది. సంతకం పెట్టినవాళ్ళలో రష్యా ఉంది. 2014లో క్రిమియా పోయింది, 2022లో దేశమంతా యుద్ధం. మాటని నమ్ముకున్నవాడి గతి అది. తైవాన్ ఇన్నేళ్ళు ఎలా నిలబడింది? 1950లో అమెరికా సెవెంత్ ఫ్లీట్ ఆ జలసంధిలోకి వచ్చింది కాబట్టి. బలం ఉంటేనే ఎదుటివాడు లెక్కలు వేసుకుంటాడు.

(అని లోపలికి వెళ్ళి ఒక కత్తి పట్టుకొచ్చాడు. కూరగాయలు కోసే వెడల్పాటి కత్తి. కావోసియుంగ్‌లో కొన్నాడట.)

మామయ్య: దీని ఉక్కు ఏమిటో తెలుసా? ఫిరంగి గుండుది. చైనా తీరానికి కూతవేటు దూరంలో కిన్‌మెన్ అని తైవాన్ చేతిలో ఉన్న దీవి. 1958 ఆగస్టు 23 నుంచి 44 రోజుల్లో దాని మీద నాలుగు లక్షల డెబ్భై వేలకి పైగా గుళ్ళు పడ్డాయి. ఆ తర్వాత చైనా ఒక పద్ధతి పెట్టింది, రోజు విడిచి రోజు కాల్పులు. సరి తేదీన కాల్చరు, ఆ రోజు దీవి వాళ్ళు బియ్యం తెచ్చుకుంటారు, పొలాల్లోకి వెళ్తారు. బేసి తేదీన మళ్ళీ సొరంగాల్లోకి. చివరి ఏళ్ళలో గుళ్ళ నిండా ప్రచార కాగితాలే. 1979 జనవరి 1న, అమెరికా చైనాని గుర్తించిన రోజున, ఆపేశారు. దీవి కమ్మరివాళ్ళు ఆ ఇనుముతో కత్తులు చేసి అమ్ముకుంటున్నారు. రెండు దేశాల శత్రుత్వం ఇరవై ఏళ్ళు క్యాలెండరు చూసుకుని నడిచింది. మనుషులు అంత తెలివితక్కువవాళ్ళు కాదు అమ్మడూ.

మేనకోడలు: 1958లో ఆ 44 రోజుల్లో వాషింగ్టన్‌లో ఏం మాట్లాడుకున్నారో ఇప్పుడు బయటికొచ్చింది మామయ్యా. డేనియల్ ఎల్స్‌బర్గ్ 2021లో ఆ పత్రాలు బయటపెట్టాడు. ఆ దీవుల్ని నిలబెట్టుకోవాలంటే చైనా నేల మీద అణుబాంబులు వెయ్యాల్సిందేనని అమెరికా సేనాధిపతులు ఒత్తిడి చేశారు. దానికి జవాబుగా సోవియట్ వాళ్ళు తైవాన్ మీద వేస్తారని తెలిసే అన్నారు. ఐజన్‌హోవర్ మామూలు ఆయుధాలతోనే మొదలుపెట్టమన్నాడు. ఈ కత్తి మిగలడానికి ఒక అధ్యక్షుడి నిదానం కారణం. 1983 సెప్టెంబరులో మాస్కో దగ్గర నిఘా కేంద్రంలో అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నాయని కంప్యూటరు చూపించింది. మేఘాల మీద పడ్డ ఎండని అది క్షిపణులనుకుంది. ఐదు క్షిపణులతో ఎవడూ యుద్ధం మొదలుపెట్టడని పెట్రోవ్ అనే అధికారి ఆలోచించి, తప్పుడు హెచ్చరిక అని పైకి చెప్పాడు. ఐజన్‌హోవర్, అర్హీపోవ్, పెట్రోవ్, ముగ్గురికీ ఆగి ఆలోచించే సమయం కాస్త దొరికింది. 1914లో జర్మన్ చక్రవర్తి చివరి నిమిషంలో సైన్యాన్ని పడమటికి కాక తూర్పుకి తిప్పమంటే, రైళ్ళ ప్రణాళిక వేసేశాం, ఇప్పుడు మార్చలేమన్నాడు సేనాధిపతి మోల్ట్‌కే. సమయం లేకపోతే చక్రవర్తి మాట కూడా చెల్లదు. ఇప్పుడు క్షిపణుల వేగం పెరిగింది, లక్ష్యాన్ని యంత్రాలే వెతికిపెడుతున్నాయి. చైనా దగ్గర 600 అణ్వాయుధాలున్నాయని స్టాక్‌హోమ్‌లోని సిప్రి అనే పరిశోధన సంస్థ 2025లో లెక్క వేసింది. ఏటేటా పెరుగుతున్నాయి. అమెరికా, రష్యాల మధ్య అణ్వాయుధాలకి హద్దు పెట్టిన న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. చైనాతో అలాంటి హద్దు ఎన్నడూ లేదు.

మామయ్య: 2024 నవంబరులో లిమాలో బైడెన్, షీ జిన్‌పింగ్ ఒక మాట అనుకున్నారుగా. అణ్వాయుధం వాడాలా వద్దా అన్న నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలి, యంత్రానికి ఇవ్వకూడదని. అంతకు ఏడాది ముందు సైనిక సంభాషణలు మళ్ళీ మొదలుపెట్టుకున్నారు. నువ్వు ఆ వైపు చూడవు.

మేనకోడలు: చూస్తాను. మంచిదేనంటాను. తెంపుకోవడానికి వీల్లేకుండా కట్టుకోండి అంటాను.

ఇక్కడ నేను అడిగాను, ఇదంతా అక్కడెక్కడో కదా, మనకేమిటి అని. అడగకుండా ఉండాల్సింది, ఎందుకంటే ఇద్దరూ ఒకేసారి మా అమ్మ పేరెత్తారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రెండుమూడు రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకల్ని జపాన్ నేవీ ముంచింది. అప్పుడు మా అమ్మ చిన్నపిల్ల. ఎడ్లబండి మీద ఊరు ఖాళీ చేసి వెళ్ళడం, దారిలో కుండలో పెట్టుకున్న చద్దన్నం పులిసిపోవడం ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు. జపాన్‌కీ అమెరికాకీ చమురు దగ్గర మొదలైన తగువు ఎనిమిది నెలల్లో మా ఊరి రేవు మీద పడింది. 1942 నాటి విశాఖవాళ్ళకి ఆ తగువుతో ఏ సంబంధమూ లేదు.

మామయ్య: అందుకే నేను బలం అంటాను. ఆ రోజు విశాఖని కాపాడడానికి ఏముంది? ఏమీ లేదు. గల్వాన్ గుర్తు తెచ్చుకో. 2020 జూన్ 15. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు. ఆయనతో కలిపి ఇరవైమంది పోయారు. చైనాతో ఎన్ని ఒప్పందాలున్నాయి! 1993, 1996, 2005, 2013. అవేమన్నా ఆపాయా?

మేనకోడలు: ఆయన్ని కాపాడలేకపోయాయి మామయ్యా. కాపాడాయని నేను ఏ నోటితో అంటాను? కానీ ఆ రాత్రి రెండువైపులా వందలమంది, రాళ్ళూ ఇనప కడ్డీలూ మేకులు కొట్టిన దుడ్డుకర్రలూ పట్టుకుని చీకట్లో చంపుకున్నారు. తుపాకులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఎవరూ పేల్చలేదు. వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996 ఒప్పందంలో ఉంది. అంత కోపంలో, కళ్ళముందు తోటివాడు చస్తున్నా ఆ ఒక్క గీత నిలిచింది. ఒక్క తుపాకీ పేలి ఉంటే ఫిరంగి పేలేది. ఫిరంగి పేలి ఉంటే విమానం లేచేది.

మామయ్య: ఆ ఏడాది సెప్టెంబరులో గాల్లోకి కాల్పులు జరిగాయి. 1975 తర్వాత తొలిసారి. ఆ గీత కూడా చెరిగిపోతోంది.

మేనకోడలు: చెరిగిపోతోంది కాబట్టే మళ్ళీ గియ్యమంటున్నాను.

మామయ్య: గియ్యి. గీత అవతల వాడు దాటితే ఏం జరుగుతుందో వాడికి తెలిసేలా ఇవతల మనిషిని కూడా నిలబెట్టు. నేను చెప్పేది అంతే.

వాదన ఇక్కడితో తెగలేదు, భోజనాలకి లేవాల్సి వచ్చి ఆగింది. నా మొగ్గు మా అమ్మాయి వైపే. పెద్ద దేశాల నాయకులకి యుద్ధం అక్కర్లేదన్న మాట నిజమైనా, దాని మీద భారం వేసి కూర్చోవడానికి వీల్లేదని కీల్ రేవు, బీ-59, చుంగ్-హూన్ చెబుతున్నాయి. అన్నయ్య చెప్పిన బుడాపెస్ట్ మాటకి మాత్రం మా అమ్మాయి సమాధానం చెప్పలేదు, నా దగ్గరా లేదు. బలహీనుడికి రాసిచ్చిన కాగితం నిలుస్తుందని ఎవరమూ హామీ ఇవ్వలేం. కానీ అమెరికా బలహీనం కాదు, చైనా బలహీనం కాదు. ఆ ఇద్దరి మధ్య లోటు బలానిది కాదు. కోపం వచ్చిన రోజున కూడా ఎత్తే ఫోను లేకపోవడం.

భారతదేశం క్వాడ్‌లో అమెరికా పక్కన కూర్చుంటుంది, షాంఘై సహకార సంస్థలోనూ బ్రిక్స్‌లోనూ చైనా పక్కన కూర్చుంటుంది. రెండుచోట్లా కుర్చీ ఉన్న పెద్ద దేశాలు ఎక్కువ లేవు. మనకి ఆ ఫోను సంగతి చెప్పే అర్హత కూడా ఉంది. 2025 మే 10న మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకి పాకిస్తాన్ డీజీఎంవో (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్) మన డీజీఎంవోకి ఫోన్ చేశారు. సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని ఇద్దరూ అనుకున్నారు. ఆ రాత్రి ఉల్లంఘనలు జరిగాయి. అయినా మే 12న ఆ ఇద్దరు అధికారులే మళ్ళీ మాట్లాడుకున్నారు. రెండు దేశాల మధ్య నాలుగు రోజులుగా క్షిపణులూ డ్రోన్లూ నడుస్తున్నా ఆ ఫోను తెగలేదు. అలాంటి ఫోను అమెరికా, చైనా సైన్యాల మధ్య ఎవరి పర్యటనకో, ఎవరి ఆంక్షలకో అలిగి తెంపుకోకుండా ఉండాలని మన ప్రభుత్వం ఈ రెండు వేదికల మీదా అడగాలి. ప్రభుత్వం అడిగేలా మనం అడగాలి. విదేశాంగ విధానం మనకెందుకులే అని ఊరుకోకండి, మీ ఎంపీ ఊరికొచ్చినప్పుడు రోడ్డుతో పాటు ఇది కూడా అడగండి.